చెరిపేసిన మచ్చ

పోయిన వారం మనం నర్సమ్మను స్టూడియో లోపలి గదిలో, చుట్టి నిలబెట్టిన తెరల వెనక, చేతిలో ఒక కవరుతో వదిలేసి వచ్చాం. పాపం, అప్పటి నుంచీ ఆవిడ అక్కడే నిలబడి ఉంది. కాళ్ళు పీకుతుంటాయి, త్వరగా వెళదాం పదండి.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. నర్సమ్మకు తోడబుట్టింది ఒక్క అక్కే. ఆ అక్క ఎప్పుడో వయసులో ఉండగా పరాయి దేశంలో ముసలివాళ్ళకు సేవ చేసే ఉద్యోగానికి వెళ్ళింది. అక్కడే నిలదొక్కుకుని, అక్కడి మనిషై, చెల్లెలినీ మరిదినీ వాళ్ళ పిల్లనీ శాశ్వతంగా తన దగ్గరికి రప్పించుకోవడానికి వీసాకు దరఖాస్తు పెట్టింది. పెట్టినప్పుడు ఆ పిల్ల రెండు జడలతో బడికి పోయేది. వంతు వచ్చేసరికి కాలేజీ చదువు చివరికొచ్చింది. నిద్రలో తప్ప నోరు మూతపడదు కాబట్టి ఇంట్లో అందరూ ఆ పిల్లను పిచ్చుక అంటారు, మనమూ అలాగే అందాం.

ముగ్గురి కాగితాలూ వెళ్ళాయి. కొన్నాళ్ళకు వీసా ఆఫీసు ఇంకా కొన్ని కాగితాలు కావాలని ఉత్తరం రాసింది. ఆ పని నర్సమ్మ భర్త తన నెత్తిన వేసుకున్నాడు. ఆయన ఫొటోగ్రాఫరు. "అన్నీ పంపేశాను, నువ్వు నిశ్చింతగా ఉండు" అని పెళ్ళాంతో చెప్పాడు కూడా. నిశ్చింతగా ఉండడానికి వీల్లేని సంగతి ఒకటుంది. పిచ్చుకకు ఇరవై ఒకటి నిండేలోపు వీసా రాకపోతే ఆ అమ్మాయి పేరు పిల్లల లెక్కలోంచి తీసేస్తారు. అమ్మానాన్నలు వెళ్ళవచ్చు, పిల్ల మాత్రం ఇక్కడే ఉండిపోవాలి. ఆ పుట్టినరోజు వచ్చే నెలలోనే ఉంది.

పంపేశానన్న కవరే ఇప్పుడు నర్సమ్మ చేతిలో ఉంది.

ముందుగదిలో ఆవిడ మొగుడు మంచి హుషారులో ఉన్నాడు. ఆయన ఎదురుగా స్టూలు మీద రిటైరైన గుమస్తా ఒకాయన బిగుసుకుపోయి కూర్చున్నాడు.

"గడ్డం కొంచెం దించండి. మరీ అంత దించకండి, ఎక్కడో తప్పు చేసొచ్చినవాళ్ళలా కనిపిస్తారు. ఆఁ, అదీ! కళ్ళు ఇటు."

"బాబూ, ఈ గొంతు కింద వేలాడుతోంది చూడు, అది..."

"అది మీది కాదనుకోండి. నేను చూసుకుంటా."

ఊరంతా ఆయన్ని మెరుగుల మావయ్య అనేది ఇందుకే. ఆయన కెమెరా ముందు కూర్చున్నవాళ్ళకు మొటిమలు మాయమవుతాయి, ముడతలు విడిపోతాయి, పలచబడిన జుట్టు మళ్ళీ మొలుస్తుంది. అడిగినా అడగకపోయినా మెరుగు పెట్టకుండా ఫొటో చేతికివ్వడు. ఒకాయన ఫొటో చూసి ఆయన సొంత తమ్ముడే "ఎవరీయన, మనవాళ్ళేనా?" అని అడిగాడట. ఆ సంగతి మావయ్యే గొప్పగా చెప్పుకుంటాడు.

నర్సమ్మ తెర తొలగించుకుని ముందుగదిలోకి వచ్చింది. ప్రసూతి వార్డులో ఏళ్ళ తరబడి పని చేసిన మనిషి. అక్కడ అరిచేవాళ్ళు ఎలాగూ అరుస్తూనే ఉంటారు కాబట్టి ఆవిడకు అరిచే అలవాటు లేదు. కోపం పెరిగిన కొద్దీ ఆవిడ గొంతు తగ్గుతుంది.

"అయ్యగారి ఫొటో అయిందా?" అని చాలా మెల్లగా అడిగింది.

మావయ్య తిరిగి చూశాడు. పెళ్ళాం చేతిలో కవరు చూశాడు. ఆయన మొహంలో హుషారంతా ఎటు పోయిందో పోయింది.

"మీరు రేపు రండి, ఇచ్చేస్తా" అని గుమస్తాగారిని స్టూలు మీంచి లేపేశాడు.

"ఇంకోటి తీస్తానన్నావు?"

"అక్కర్లేదండీ, మొదటిదే అదిరిపోయింది."

గుమస్తాగారు ఆయన మొహమూ ఆవిడ మొహమూ చూశాడు. ఎంతైనా సంసారం చేసిన మనిషి కదా, ఇంకేం అడగలేదు. గొడుగు తీసుకుని బయటికి నడిచి, వెళ్తూ వెళ్తూ గాజు తలుపు కూడా తనే దగ్గరగా వేసి వెళ్ళాడు.

"ఏవండీ, ఇదేమిటి?"

"కవరు."

"కవరని నాకూ కనిపిస్తోంది. ఇది నా చేతిలో ఎందుకుంది?"

"నువ్వు తీశావు కాబట్టి..."

"ఎప్పుడో పంపేసిన కవరు నేను తీయడానికి అక్కడెలా ఉంది?"

మావయ్య లైటుకు బిగించిన తెల్లగొడుగు సరిచేశాడు. సరిగ్గానే ఉన్నదాన్ని వంకర చేశాడు. నర్సమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. గొంతు ఇంకా కిందికి దిగింది.

"ఇష్టం లేకపోతే లేదని చెప్పాల్సింది. ఈ స్టూడియో వదిలి రాలేనని మొదటి రోజే అనుంటే నేనేమన్నా మెడ పట్టి లాక్కెళ్ళేదాన్నా? రోజూ పొద్దున అక్క ఫోన్ చేసి 'ఏమన్నా తెలిసిందా' అని అడుగుతుంటే, 'పంపేశాం అక్కా, వాళ్ళే ఆలస్యం చేస్తున్నారు' అని నాతో అబద్ధం ఆడించారు కదా! ఆ ఆఫీసువాళ్ళను నేను తిట్టిన తిట్లన్నీ ఎవరికి తగలాలి ఇప్పుడు?"

"నాకే తగిలినట్టున్నాయి" అన్నాడు మావయ్య. నవ్విద్దామనే అన్నాడు కానీ నవ్వు రాలేదు, ఆవిడకూ, ఆయనకూ.

నర్సమ్మ కవరులోవన్నీ గల్లాబల్ల మీద గుమ్మరించింది. పోలీసులు ఇచ్చిన పత్రాలు ఉన్నాయి. పెళ్ళి పత్రం నకలు ఉంది. అన్నీ సిద్ధంగా, వరసగా, పిన్ను పెట్టి ఉన్నాయి. బద్ధకించిన మనిషి చేసిన పని కాదది. అదే ఆవిడకు అంతుబట్టలేదు. వాటి మధ్య నుంచి చిన్న ప్లాస్టిక్ సంచి ఒకటి జారింది. అందులో ఆవిడ ఫొటోలు, వీసా కొలతలకు కోసినవి.

నర్సమ్మ ఒకటి బయటికి తీసి, వెలుతురుకు పెట్టి చూసుకుంది. ఎడమ చెంప మీద, కణత దగ్గర మొదలై దవడ దాకా దిగిన కాలిన మచ్చ ఉన్నదున్నట్టు కనిపిస్తోంది. చిన్నప్పుడు సలసల కాగే నీళ్ళు తొణికి పడిన మచ్చ అది. అద్దంలో రోజూ చూసేదే. మొగుడు తీసిన ఫొటోలో చూడడం ఇదే మొదలు. పోయిన నెలలో "కొత్త లైటు ఎలా ఉందో చూడాలి, ఇలా కూర్చో" అని ఆయన తనను స్టూలెక్కించిన సంగతి గుర్తొచ్చింది.

"ఇదేంటి, మెరుగు పెట్టడం మర్చిపోయారా?"

"మర్చిపోలేదు. వాళ్ళు పెట్టొద్దన్నారు."

"ఎవరు?"

మావయ్య ఉత్తరం తీసి ఇచ్చాడు. సర్కారీ భాష, సాగదీసి సాగదీసి రాశారు. నర్సమ్మ వేలు పెట్టుకుని మెల్లగా చదివింది. మన భాషలో చెప్పుకుంటే సారాంశం ఇది: మీరు పంపిన పెళ్ళి ఫొటోల్లో వధువుకు మచ్చ లేదు. కుటుంబం ఫొటోల్లో తల్లికి మచ్చ లేదు. దరఖాస్తుకు అంటించిన ఫొటోలోనూ లేదు. పాస్‌పోర్టు ఆఫీసులో తీసిన ఫొటోలో మాత్రం పాత కాలిన మచ్చ ఉంది. కాబట్టి ఈ ఇద్దరూ ఒకే స్త్రీ అని మేము నమ్మలేకపోతున్నాము. ఏ దిద్దుబాటూ చేయని కొత్త ఫొటోలు పంపండి.

నర్సమ్మ తలెత్తి చూసింది. మళ్ళీ చదివింది. తర్వాత ఆపుకోలేక పక్కున నవ్వింది.

"అంటే ఏంటండీ, మీకు ఇద్దరు పెళ్ళాలనా?"

"అలాగే అనుకుంటున్నట్టున్నారు."

"ఒకదానికే జవాబు చెప్పలేక గొడుగు వంకర చేస్తున్నారు, మీకు ఇద్దరు కూడానా!"

ఈసారి ఇద్దరూ నవ్వారు. మావయ్యకు కాస్త ఊపిరి అందింది. గండం గడిచిందనుకున్నాడు, వెర్రి మనిషి. నవ్వుతూ నవ్వుతూనే నర్సమ్మ కళ్ళు నిండాయి. ఆవిడ ఫొటో బల్ల మీద పెట్టి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"పరాయి దేశంవాళ్ళు ఉత్తరం రాస్తే గానీ నా మొహాన్ని నా మొహంలా ఉంచరన్నమాట."

"అదేం మాటే?"

"ఉన్న మాటే. పెళ్ళైన కొత్తలో మీరు ఆల్బమ్ తెచ్చిచ్చిన రోజు నాకింకా గుర్తుంది. ఎంత సంబరంగా తెరిచానో. మీ పక్కన ఎవరో అందమైన పిల్ల కూర్చుని ఉంది. నా చీర కట్టుకుని, నా గాజులు వేసుకుని. నాకు ఆ పిల్లను చూస్తే కుళ్ళు పుట్టింది, తెలుసా? పేజీలన్నీ తిప్పాను, ఎక్కడైనా ఒక్క దాంట్లో నేను ఉంటానేమోనని. లేను. ఏ ఒక్క దాంట్లోనూ లేను."

"మరి అప్పుడే ఒక మాట అనకపోయావా?"

"ఏమని అనను? మీకు సిగ్గేమో, నలుగురికీ చూపించాలంటే నామోషీ ఏమో అనుకున్నాను. పోనీలే, మనిషి మంచివాడు, ఇంత మాత్రం ఓర్చుకోలేనా అని ఊరుకున్నాను. అప్పటి నుంచీ ప్రతి ఫొటోకీ ఊరుకుంటూనే ఉన్నాను."

మావయ్య వచ్చి గుమస్తా లేచిపోయిన స్టూలు మీద కూర్చున్నాడు. ఆ స్టూలు మీద ఆయన కూర్చోవడం ఎవరూ చూసి ఉండరు.

"సిగ్గా? నాకా?" అన్నాడు. "నర్సు ట్రైనింగుకి ఫొటో కావాలని నువ్వు మొదటిసారి ఈ స్టూడియోకి వచ్చావు చూడు, గుర్తుందా? ఇక్కడే కూర్చున్నావు. మెడ ఇటు తిప్పి, చెంప దాచుకుని కూర్చున్నావు. తిన్నగా చూడమంటే చూడలేదు. చివరికి లేచి వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, 'ఈ మచ్చ కనపడకుండా చేయగలరా' అని అడిగావు. ఏడుపు గొంతుతో అడిగావు. నేను సరేనన్నాను."

"అడిగాను. ఒక్కసారి అడిగాను."

"నువ్వు మళ్ళీ వద్దని చెప్పలేదుగా!" అన్నాడు ఆయన. అది వాదన కాదు. నిజంగానే ఆయనకు తెలియదు. "ఆ రోజుల్లో కంప్యూటరు ఎక్కడిది? నెగిటివ్ మీదే సన్నకుంచెతో దిద్దాలి. మన పెళ్ళి ఫొటోలు దిద్దడానికి ఎన్ని రాత్రులు కూర్చున్నానో నాకే తెలుసు. చెయ్యి వణక్కూడదని మంచినీళ్ళు కూడా తాగకుండా కూర్చునేవాణ్ణి. నువ్వు చూసుకుని సంతోషిస్తావనుకున్నాను. ఒక్క నెగిటివ్ కూడా మిగల్చలేదు, అన్నీ దిద్దేశాను. ఈ ఉత్తరం వచ్చాక వెతకని పెట్టె లేదు. నువ్వు నువ్వుగా ఉన్నది ఒక్కటీ దొరకలేదు."

నర్సమ్మకు ఏం చెయ్యాలో తోచలేదు. నవ్వాలో, ఏడవాలో, ఈ మనిషిని రెండు తగిలించాలో తెలియలేదు. ఇన్నేళ్ళూ తాను సిగ్గనుకున్నది ఆయన ప్రేమ అనుకుని చేశాడు. ఒకే ఇంట్లో ఉండి, ఒకే కంచంలో తిన్నంత దగ్గరగా బతికి, ఇంత చిన్న మాట అడగలేకపోయారు ఇద్దరూ. ఆవిడ దగ్గరికి వెళ్ళి ఆయన నెత్తి మీద చిన్నగా మొట్టింది.

"బుద్ధి లేని మనిషి" అంది. మొట్టిన చోటే నిమిరింది కూడా.

ఇక్కడితో అయిపోతే ఎంత బాగుండేది! మనమూ హాయిగా పత్రిక మూసి పడుకునేవాళ్ళం. కానీ నర్సమ్మ బల్ల మీది కాగితాలు సర్దుతూ ఉత్తరం కిందికొస చూసింది. 'తరువాతి పేజీ చూడండి' అని ఉంది.

"తర్వాతి పేజీ ఏదండీ?"

"అంతే. ఇంకేం లేదు."

"ఉందని వాళ్ళు రాశారు."

"వాళ్ళు అలాగే రాస్తారు, ప్రతి దాంట్లోనూ."

నర్సమ్మ చెయ్యి చాపింది. మాత్ర మింగనని మొండికేసే రోగి ముందు చాపినట్టు, అలాగే ఉంచింది. మావయ్య కాసేపు పైకప్పు చూశాడు, కాసేపు నేల చూశాడు. చివరికి చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం ఒకటి తీసి ఆ చేతిలో పెట్టాడు. మడతల దగ్గర కాగితం అరిగిపోయింది. ఎన్నిసార్లు విప్పి చూసుకున్నాడో మరి.

అందులో ఉన్నది ఒకటే సంగతి. దరఖాస్తులోని స్త్రీ ఎవరన్న దాని మీద అనుమానం ఉన్నందువల్ల, ఆమెకూ ఆమె కుమార్తెగా చూపించిన అమ్మాయికీ తల్లీబిడ్డల డీఎన్ఏ పరీక్ష జరగాలి. ఇద్దరూ మేము చెప్పిన ల్యాబుకు వెళ్ళి నమూనాలు ఇవ్వాలి. ఫలితం వచ్చేదాకా ఈ ఫైలు కదలదు.

నర్సమ్మ బల్ల పట్టుకుని నిలబడింది.

ఇప్పుడు మీకొక మాట చెప్పక తప్పదు. ఇన్ని వారాలుగా నేనే నొక్కిపెట్టాను, తిట్టుకోవాలనుంటే తిట్టుకోండి. పిచ్చుకను కన్నది నర్సమ్మ కాదు. అక్క.

అక్క కడుపుతో ఉండగానే ఆవిడ భర్త ప్రమాదంలో పోయాడు. చెల్లెలు తప్ప ముందూ వెనకా ఎవరూ లేరు. చేతికి అందివచ్చింది పరాయి దేశం ఉద్యోగం ఒక్కటే, అది కూడా వెనక పిల్లాపీచూ లేని ఆడవాళ్ళకే ఇస్తారు. ఇటు నర్సమ్మకు పిల్లలు కలగరని డాక్టర్లు అప్పటికే తేల్చేశారు. అక్క చెల్లెలు పని చేసే వార్డులోనే పురుడు పోసుకుంది. పుట్టిన పత్రంలో తల్లి పేరు దగ్గర చెల్లెలి పేరు రాయించారు. తప్పే, కాదనడం లేదు. కానీ ఆ పొత్తిళ్ళు చేతులు మారిన గదిలో మీరూ నేనూ లేము. "ఇది నీ బిడ్డ. నేను పెద్దమ్మను. ఈ మాట నేను ఎప్పటికీ తప్పను" అని చెప్పి అక్క విమానం ఎక్కింది. తప్పలేదు కూడా. ఫోన్లో పిచ్చుక "పెద్దమ్మా" అని పిలిచినప్పుడల్లా "ఏం తల్లీ" అంటూనే వచ్చింది.

"ఈ కాగితం చూసిన రోజు నుంచీ నాకు అన్నం సయించడం లేదు" అన్నాడు మావయ్య. "పరీక్షకు వెళితే బయటపడిపోతుంది. వెళ్ళకపోతే ఫైలు మూసేస్తారు. మూసేస్తే మూసేయనీ అనుకున్నాను. ఇంతకాలం ముగ్గురం ఇక్కడ బతకలేదా? ఎవరూ ఎవరికీ ఏదీ చెప్పక్కర్లేదు. ఆఫీసువాళ్ళు ఆలస్యం చేశారు, పుట్టినరోజు దాటిపోయింది, మన రాత ఇంతే అనుకుంటుంది పిల్ల. ఆలస్యం వల్ల పోయిందంటే ఎవరి మీదా కోపం ఉండదు కదా. అందుకే పంపలేదు. స్టూడియో కోసం కాదు."

నర్సమ్మకు భర్త మీద కోపం పూర్తిగా పోయింది. దాని చోట భయం వచ్చి కూర్చుంది. పిల్లకు తెలిస్తే? తెలిసి, తన వంక కొత్త మనిషిని చూసినట్టు చూస్తే? అక్కడికి వెళ్ళాక, కన్నతల్లి ఎదురుగా ఉంటే, తన కొంగు వదిలేస్తే? కవరు ఇక్కడే పడి ఉండడం ఎంత మంచిదైంది అని ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం అనుకుంది. అనుకున్నందుకు ఆవిడ మీద ఆవిడకే అసహ్యం వేసింది.

ఎందుకంటే ఆ పొద్దునే అక్క ఫోన్ చేసింది. పిచ్చుక కోసం ఒక గది సిద్ధం చేసిందట. "కిటికీకి ఏ రంగు తెర కట్టించనే? దానికి ఆకుపచ్చంటే ఇష్టమా, నీలమంటే ఇష్టమా? నువ్వే చెప్పు, నీకే తెలుస్తుంది" అని అడిగింది. కన్నతల్లి, కూతురికి ఏ రంగు ఇష్టమో చెల్లెల్ని అడిగి తెలుసుకుంటోంది. నర్సమ్మ "నీలం" అని చెప్పి, ఫోన్ పెట్టేశాక గుక్కపట్టి ఏడ్చింది.

"వదినకు కూడా ఆలస్యమనే చెబుదాం" అన్నాడు మావయ్య.

"అక్క నా కోసం ఇన్నేళ్ళు నోరు కట్టేసుకుంది. ఇంకా ఎంతకాలం కట్టిపెడదామండీ? దానికి వయసు మీద పడుతోంది. ఒక్కతే ఉంది. పిల్ల పక్కన నాలుగు రోజులు ఉందామని కాక, ఈ దరఖాస్తు ఇంకెందుకు పెట్టినట్టు? మనల్ని చూసి మురిసిపోవడానికా?"

"నువ్వేమైపోతావని నా భయం."

"నాకూ అదే భయం" అంది నర్సమ్మ దాచుకోకుండా. "వణుకు పుడుతోంది. కానీ పిల్ల ఆ దేశం భాష నేర్చుకుంటూ అద్దం ముందు నిలబడి వాగుతోంది, వినడం లేదా మీరు? అక్కడి చదువు గురించి అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెబుతోంది. మన భయానికి దాని దారి మూసేస్తామా? ఎవరో ల్యాబువాళ్ళ కాగితంలో చదివి తెలుసుకునే బదులు మన నోటితో వినాలి. చెబుదాం. ఇవాళే చెబుదాం."

"ఆ పుట్టినరోజు కాస్తా అయిపోనీ..."

"మళ్ళీ ఆలస్యమేనా?"

మావయ్య తల దించుకున్నాడు. ఆయన సరేనన్నాడో లేదో తెలిసేలోపే గాజు తలుపు ధడాలున తెరుచుకుంది.

"ఏంటి, పట్టపగలు తలుపేసుకుని కూర్చున్నారు? గొడవా? ఎవరిది తప్పు? నాన్నదే అయ్యుంటుంది!"

పిచ్చుక వచ్చింది. ఎండలో నడిచి వచ్చినట్టుంది, మొహం ఎర్రగా కందిపోయి ఉంది. భుజం మీది సంచి బల్ల మీద పడేసి, తండ్రి సీసాలో నీళ్ళు గడగడా తాగి, మూతి తుడుచుకుని మళ్ళీ అందుకుంది.

"నాన్నా, నువ్వు పంపేశానంటే నేను నమ్మేశాననుకున్నావా? నీ మతిమరుపు నాకు తెలీదూ! వారం కిందట నేనే వీసా ఆఫీసుకి రాశాను, మా కాగితాలు అందాయా అని. అందలేదన్నారు. పాత ఉత్తరం మళ్ళీ నాకు పంపించారు. రెండు పేజీలూ."

మావయ్య స్టూలు మీంచి లేవబోయి మళ్ళీ కూలబడ్డాడు. నర్సమ్మ చేతిలో ఉన్న రెండో పేజీని గుప్పిట్లో ముడిచింది.

"చదివి ఎంత నవ్వుకున్నానో! నువ్వు మా అమ్మవో కాదో పరీక్ష చేస్తారటమ్మా! నన్నడిగితే నేనే చెప్పేదాన్ని కదా. అమ్మ కాకపోతే ఇంత సణుగుడు ఎవరు సణుగుతారు? అమ్మ కాకపోతే నాకు విషజ్వరం వచ్చినప్పుడు ఉద్యోగం పోతే పోయిందని నెల రోజులు నా మంచం పక్కనుంచి లేవకుండా ఎవరు కూర్చుంటారు? ఇదంతా రాసి పంపిద్దామనుకున్నాను. రాస్తే ఒప్పుకోరట, ల్యాబుకే వెళ్ళాలట."

"వెళ్దాంలే, దానికేం తొందర?" అన్నాడు మావయ్య.

"తొందర లేదా? నా పుట్టినరోజు ఎప్పుడో నీకు గుర్తుందా అసలు? నువ్వు ఇలాగే నానుస్తావనే పొద్దున నేనే వెళ్ళి నా వంతు ఇచ్చేసి వచ్చాను. సూది కూడా లేదు నాన్నా, బుగ్గ లోపల దూది పుల్లతో అలా రాసి తీసుకున్నారు, అంతే. ఇక అమ్మ ఒక్కతే మిగిలింది. రేపు పొద్దునకి పేరు రాయించాను. అమ్మది కూడా ఇస్తే ఫలితం నేరుగా ఆఫీసుకి వాళ్ళే పంపేస్తారట. ఏమ్మా, డ్యూటీ మార్చుకుంటావుగా?"

మావయ్య పెళ్ళాం వంక చూశాడు. వద్దని, ఇప్పుడు వద్దని, ఒక్క రోజు ఆగమని ఆయన కళ్ళు బతిమాలుతున్నాయి.

నర్సమ్మ భర్తను రెక్క పట్టి స్టూలు మీంచి లేపింది. ఆ స్టూలు మీద కూతుర్ని కూర్చోబెట్టి, ఎదురుగా తను నేల మీద చతికిలపడి, ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకుంది. పిచ్చుకకు ఏదో అర్థమవుతున్నట్టుంది. ఎన్నడూ లేనిది మాట ఆపి తల్లి మొహంలోకి చూస్తోంది.

"రేపు నేను వెళ్ళినా ప్రయోజనం లేదమ్మా" అంది నర్సమ్మ. "వాళ్ళు పరీక్ష చేయాల్సింది నన్ను కాదు. మీ పెద్దమ్మను."